మూర్కొనడం

పదకొండేళ్లు నా ముఖం వెనక
ఎవరో అద్దె కట్టకుండా కాపురమున్నారు.
కళ్ల కింద రెండు గదులు, నుదుట రెండు,
తలుపులు బిగించుకుని, దీపం పెట్టుకోకుండా.
బూట్లు తొడుక్కుందామని వంగితే
తలలో ఒక ఇటుక ముందుకు జారేది.

పడిశం పది రోగాల పెట్టంటారు.
నాకు ఆ పెట్టె మూతే తెరుచుకోలేదు.

ఉలాన్‌బాతర్ చలికాలం మీరు చూసి ఉండరు.
కొండవాలు నిండా మా గుడారాల పేట,
ఇంటింటి పొయ్యిలో బొగ్గు,
గొట్టం గొట్టానికీ ఒక నల్లతోక.
పగలు కర్మాగారంలో మేక నూగు ఏరే పని,
తెలుపు ఇటు, గోధుమ అటు,
దుమ్ము మాత్రం నా వైపు.

వదిన దుల్మా గొర్రె తోక కొవ్వు రాయమంది.
బజారు మందులవాడు
ఎర్రగొట్టాలు ఇచ్చాడు, పచ్చగొట్టాలు ఇచ్చాడు,
చివరికి చుక్కల సీసా ఇచ్చాడు.
మూడు రోజులు స్వర్గం.
ఆ తర్వాత సీసా లేకపోతే ఊపిరి లేదు,
సీసా ఉన్నా లేదు.
దిండు కింద అదే, కోటు జేబులో అదే.

ఒక రాత్రి పొయ్యి మీద పాలు మాడి
గిన్నె నల్లగా పగిలిందట.
పక్క గుడారం వాళ్లు పరుగెత్తుకొచ్చారు.
నేను అక్కడే కూర్చుని జోడుకు మాటు వేసుకుంటున్నాను.

డాక్టర్ నోమింజర్గల్ చిన్నపిల్లలా ఉంటుంది.
నా తలను అడ్డంగా కోసినట్టున్న బొమ్మ
దీపానికెత్తి చూపించింది.
"నలుపంటే గాలి. ఇక్కడంతా నల్లగా ఉండాలి,
బూడిదరంగు ఉండకూడదు."
బొగ్గు ఊళ్లో నలుపే ఆరోగ్యమన్న మాట విని
ముక్కుతో నవ్వబోయాను. నోటితోనే నవ్వాను.

"పురుగుల్ని చంపితే పోయేది కాదమ్మా, ఇది వాపు.
లోపల ద్రాక్షగుత్తుల్లా కండ వేలాడుతోంది.
రోజూ బతిమాలుకోవాలి.
వినకపోతే అప్పుడు కత్తి మాట చూద్దాం."
తగ్గుతుందా అంటే తగ్గుతుందనలేదు,
అదుపు అంది.
చుక్కల సీసా అడిగి తీసుకుని
తన సొరుగులో పడేసింది.

నీళ్లకొట్టు నుంచి మోసుకొచ్చిన నీళ్లు
కాచి, చల్లార్చి,
గ్లాసుకు అర చెంచా ఉప్పు, చిటికెడు సోడా.
తొట్టి మీదికి తల వాల్చి
ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి రావాలి.
మొదటిరోజు చెవిలోకి, గొంతులోకి, కళ్లలోకి,
రావలసిన దారి తప్ప అన్ని దారులా వచ్చింది.
పొలమారి దగ్గుతుంటే
మనవడు ఇత్గెల్ చప్పట్లు కొట్టాడు.
నాలుగో రోజు తొట్టిలో మసి చూశాను.
నా పొయ్యిదా, పక్కింటిదా,
మసికి పేరు రాసి ఉండదు.

తరువాత మందు తుంపర.
కుడి ముక్కుకు ఎడమ చెయ్యి,
మధ్య గోడకు కాదు, చెవి వైపు గురిపెట్టి.
గట్టిగా ఎగబీల్చకూడదు.
ఒక వారం ఏమీ లేదు.
రెండో వారం ఏమీ లేదు.
మూడో వారం విసుగొచ్చి సీసా విసిరేశాను,
మంచం కింద దూరి మళ్లీ వెతుక్కున్నాను.

మా ఇంట్లో పిల్లలకి ముద్దు పెట్టం, మూర్కొంటాం.
మా అమ్మ ఊరెళ్తూ ఒక చెంపే మూర్కొని
రెండోది వచ్చాక అనేది,
తిరిగి రావడానికి సాకు ఉండాలి కదా.
ఇత్గెల్ పుట్టిన దగ్గర్నుంచి
నేను మూర్కొన్నట్టు నటిస్తూ వచ్చాను.
వాడికి నాలుగేళ్లు.

ఏడో వారం, మంచు పడుతున్న ఆదివారం,
వాడు బయటినుంచి వచ్చి ఒళ్లో పడ్డాడు.
టోపీ తీశాను.
అర్చి పొగలాంటి మంచి వాసనేదో వస్తుందనుకున్నాను.
వచ్చింది బొగ్గు పొగ.
దాని వెనక తడిసిన ఉన్ని, పులిసిన పాలు,
ఇంకా వెనక, సన్నగా, వెచ్చగా,
పేరు తెలియనిది ఒకటి, అది వాడే.

మరునాటికి మళ్లీ దిబ్బడ వేసింది.
ఉప్పు డబ్బా దించి నీళ్లు పొయ్యి మీద పెట్టాను.

నిన్న వాడి ఎడమ చెంప ఒక్కటే మూర్కొన్నాను.
కుడిది ఉంచాను.