నురగలో జనాభా లెక్క

అక్టోబరు.
పెయిప్సి సరస్సులో కలిసే ఏటి మలుపులో
ఆల్డర్ కొమ్మొకటి నీళ్లకడ్డం పడి ఉంది.
దాని చంకలో నురగ,
పసుపుపచ్చగా, జిగటగా,
ఎవరికీ అక్కర్లేని నురగ.

తొడల దాకా రబ్బరు బూట్లతో దిగి
హెల్వే
చిల్లుల గరిటెతో దాన్ని ఎత్తుతుంది,
చారు మీది తెట్టు తీసినంత ఓపికగా.
సీసాకెత్తితే అంత నురగా కరిగి
రెండు చెంచాల నీళ్లు.
చీటీ అంటిస్తుంది:
పదిహేడో మలుపు. నీరు ఆరు డిగ్రీలు. ఎండ లేదు.

పడవ యెవ్‌సేయ్‌ది.
ఒడ్డు పొడవునా ఒకే వీధిగా సాగే ఉల్లిపాయల ఊరు ఆయనది.
మూడు వేళ్లతో శిలువ గీసుకోమంటే
రెండే చాలని
ఇళ్లొదిలి ఇంత దూరం వచ్చినవాళ్ల వంశం.
"అంటే నువ్వు బూజు లెక్కపెడుతున్నావు."
"బూజే."
"మా కొట్టుగదిలో బోలెడుంది. పడవ ఖర్చు కూడా ఉండదు."

హెల్వే నవ్వింది గానీ వదిలిపెట్టలేదు.
ఏట్లో రాలిన ఆకు చెప్పుతోలులా ఉంటుంది, తాతా,
ఏ పురుగూ నోట పెట్టదు.
ముందు ఇవి రావాలి.
పాలకు తోడు వేసినట్టు
ఆకంతా తోడుకోవాలి.
అది మెత్తబడ్డాక రొయ్యంత లేని రొయ్య,
దాని వెనక చిన్న చేప,
చిన్న చేప వెనక పైక్ చేప,
దాని వెనక నీ వల.

యెవ్‌సేయ్ వల వైపు చూశాడు.
తెడ్డు కాస్త నెమ్మదిగా వేశాడు.
గాలి ఎదురైందేమో.

రాత్రి బడి గదిలో
పిల్లల బల్ల మీద మైక్రోస్కోపు.
నీలిరంగు ఒక్క చుక్క పడగానే
నీటిబొట్టు నిండా రాత!
ఇది తలకట్టు. అది కొమ్ము.
ఇదిగో, అచ్చంగా వట్రసుడి,
ఏ హల్లు కింద నుంచి జారిపోయిందో.
నాలుగు చేతులది పల్లేరుకాయ,
ఎలా పడినా మూడు కాళ్ల మీద నిలబడుతుంది;
పరుగెత్తే నీళ్లలో ఆకును పట్టుకోవాలంటే
ఇంకెలా పుట్టాలి?
అయిదేసి గీతల కట్టలు కడుతుంది హెల్వే
మంద తోలుకొచ్చిన గొర్రెలకాపరిలా.

సరస్సు ఏరులాంటిది కాదు.
పోగుచేసి నురగ చేతికివ్వదు.
అక్కడ ఎర వెయ్యాలి:
కోసిన నువ్వుగింజ, పైన్ పుప్పొడి,
పాము కుబుసం ముక్క,
పసిపిల్ల తలవెంట్రుక.

చివరిది విని అన్‌ఫీసా
లోపలికెళ్లి పెట్టె తెరిచింది.
గుడ్డమూటలో కూతురి మొదటి జుట్టు,
నలభై ఏళ్లది, గడ్డిరంగుది.
"అది నార్వాలో క్రేను తోలుతోంది ఇప్పుడు.
దీంతో దానికేం పని?"
అంటూనే వేలికి చుట్టి, విడదీసి,
ఏడే ఏడు ఇచ్చింది.
"లెక్క నీకొక్కదానికే వచ్చా?"

పన్నెండు రోజులు నీళ్లలో.
ఆరు వెంట్రుకలకు పుస్తకంలో ఉన్నవే పట్టాయి.
ఏడోదాని మీద
గుండ్రటి సంచులు, ఒక్కో సంచికీ చిన్న మూత;
మూత తెరుచుకుని
ఒంటితోక పిల్లలు ఒకదాని వెనక ఒకటి
ఈదుకుంటూ పోయాయి,
బడి వదిలేసినట్టు.
ఆ పుస్తకంలో లేవు. ఈ పుస్తకంలోనూ లేవు.
పేరు రాయాల్సిన గడిలో
హెల్వే ఓ అంకె వేసింది.

"నా పిల్ల జుట్టుకు ఏం పట్టింది?"
"పేరింకా లేదమ్మా."
అన్‌ఫీసా రెండు వేళ్లు నుదుటికెత్తింది.
"బాప్తిస్మం లేకుండా ఎన్నాళ్లుంచుతావు దాన్ని?"

ముప్పై ఒక్క సీసాలు.
ఏరు సగం అయింది.
సరస్సు మొదలైందని కూడా అనలేం.
పై వారం గడ్డకట్టేస్తుందంటున్నారు,
లారీలు నడిచేంత మందాన.

పొద్దున వంటింట్లో
చేపల చారు పొంగుకొచ్చింది.
అన్‌ఫీసా తెట్టు తీసింది,
పారబొయ్యబోయి
గరిటెను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది
కాసేపు.