ఎనభై అయిదు రూపాయల ఇంగువ

బ్రాడీపేట నాలుగో లైన్లో మా షాపు.
తలుపు దగ్గర ఎత్తు స్టూలు, దాని మీద నేను,
బిల్లుకి చిల్లు పొడిచే మిషను.
నా తల వెనక గోడ మీద ఎర్రక్షరాలు:
దొంగతనం చేసినవారికి
పదింతల జరిమానా, ఫోటో ప్రదర్శన.
కింద తొమ్మిది ఫోటోలు.
కెమెరా పైనుంచి తీసినవి,
అన్నీ నడినెత్తులే, మొహాలు తక్కువ.
ఒకటి మా వీధి సుభాషిణిది.
జడని బట్టి గుర్తుపట్టాను.
ఆమె ఇప్పుడు ఈ లైన్లోంచి నడవదు,
చుట్టూ తిరిగి మూడో లైన్లోంచి వెళుతుంది.

మంగళవారం మధ్యాహ్నం, బయట మే నెల,
లోపల ఏసీ మూలుగుతున్న వేళ,
పానకాలరావు గారి సంచి దగ్గర ఆగాను.
ముందు పట్టుకుంది నా ముక్కు.
కందిపప్పుకి బిల్లుంది, బట్టల సబ్బుకి ఉంది,
అడుగున, తుండుగుడ్డ మడతలో,
మూత వదులైన ఇంగువ డబ్బా.
దానికి లేదు.

సూపర్‌వైజర్ ఏసుపాదం లెక్క కట్టాడు:
ఎనభై అయిదు, పదింతలు, ఎనిమిదొందల యాభై.
"అక్కడ నిలబడండి, ఫోటో తీయాలి."

ఆయన నిలబడలేదు.
బియ్యం బస్తా మీద కూర్చుని
కళ్ళజోడు తుడుచుకున్నాడు.
"ముప్పై ఒక్కేళ్ళు కోర్టులో బెంచి గుమాస్తాని బాబూ.
ఈ పదింతలు ఏ పుస్తకంలో ఉందో చూపించు.
జరిమానా వేసేది కోర్టు, నువ్వు కాదు.
స్టేషనుకి ఫోన్ చెయ్యి.
మా రోజుల్లో మూడొందల డెబ్భై తొమ్మిది,
ఇప్పుడు మూడొందల మూడు.
అయిదువేల లోపు సరుకు, మొదటిసారి శిక్ష,
సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవ అన్నారు.
పెద్దాసుపత్రి వరండా ఊడవమంటారేమో.
ఊడుస్తాను.
గోడ మాత్రం ఎక్కను."

ఎవరి మీదో కేసు చదువుతున్నట్టు
ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు.
పదవి పోయినా గొంతు పోలేదు,
ఇంగువ కట్టిన గుడ్డ.

ఓనరుతో మాట్లాడ్డానికి ఏసుపాదం మెట్లెక్కాడు.
నేనూ ఆయనా మిగిలాం, మధ్యలో డబ్బా.
"ఎందుకు తీశారండీ? జేబులో డబ్బులున్నాయిగా."
"చెయ్యి వెళ్ళిందమ్మా" అన్నాడు.
కాసేపాగి,
"బోనెక్కిన వాళ్ళందరూ అదే మాట అనేవాళ్ళు,
చెయ్యి వెళ్ళిందయ్యా, అని.
నేను తల వంచుకుని నవ్వుకునేవాణ్ణి."

అడగాలో వద్దో తేల్చుకోకుండానే అడిగేశాను:
"సార్, పోయిన నెల షార్టేజీ అని
నా జీతంలో మూడొందల పది కోశారు.
షాంపూలూ లిప్‌స్టిక్కులూ ఎవరు తీశారో తెలీదు,
పన్నెండుమందికీ పంచేశారు.
దానికి ఏ సెక్షనండీ?"

అప్పుడు చూశాడు నా మొహం.
"ఉంది. వేరే చట్టం, వేరే ఆఫీసు.
నా సర్వీసు మొత్తంలో ఆ పుస్తకం
ఒకరు అడగ్గా నేను వినలేదు.
అట్ట కూడా నలగలేదు."

ఏసుపాదం దిగొచ్చాడు.
ఓనరు మాట: పోలీసులొస్తే బేరాలు పోతాయి,
అసలు ఖరీదు తీసుకుని పంపెయ్,
మళ్ళీ రానివ్వకు.

చిల్లరతో సహా ఎనభై అయిదూ లెక్కపెట్టి
ఆయన బిల్లు అడిగాడు.
చిల్లు కూడా పొడవమన్నాడు.
పొడిచాను.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
డబ్బా బస్తా మీదే వదిలేసి
ఎండలోకి వెళ్ళిపోయాడు.

"అరలో పెట్టెయ్" అన్నాడు ఏసుపాదం.
ఒకసారి అమ్ముడుపోయిన డబ్బా.
మూత బిగించి పెట్టాను.

రాత్రి పదికి షట్టరు సగం దించి
మమ్మల్ని వరసలో నిలబెట్టారు, రోజూలాగే.
సంచి తెరిచి, చేతులు పైకెత్తి.
వాచ్‌మన్ నా దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు.
"ఇంగువ వాసనొస్తోందేంటి షంషాదూ?"

పదకొండుమంది నా వైపు తిరిగారు.
ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి
వేళ్ళు
అతని మొహం దాకా చాపాను.