మొదటి బస్తా

మా గుంటడి ఏడో తరగతి లెక్కల పుస్తకంలో
ఎనకాల ఇరవైరెండు కాయితాలు కాళీగా ఉండిపోనాయి.
లెక్కెట్టినాను.
రాయడం కన్నా లెక్కెట్టడం సులువు.

రేత్రి తొమ్మిదిన్నర.
కాశీబుగ్గ గేటు కాడ గూడ్సు బండి ఎల్తే
ఇల్లంతా కొంచెం ఒణుకుద్ది.
అది ఎల్లిపోయినాక రాద్దారనుకున్నాను.
ఎల్లిపోనాది.
మంచినీళ్ళు తాగీసి రాద్దారనుకున్నాను.
తాగీసినాను.
పెన్ను పడతందో లేదో అని
అరిసేతి మీద గీసినాను, పడ్డాది.
కేలండర్లో పాలోడి లెక్క పక్కన గీసినాను, పడ్డాది.
కాయితం మీద ఎడితే మాత్రం
దానికీ నాకు మల్లే నోరెండిపోనాది.

"ఏటి సేస్తన్నావు?" మంచం మీంచి మా ఆయన.
"పద్దు."
"పాలోడికెంత?"
"మూడొందల అరవై."
అటు తిరిగి పడుకున్నాడు.
బతుకులో మొదటిపాలి రాయబోతా
ముందుగా అబద్దం ఆడీసినాను.

అప్పుడొక ముక్క రాసినాను:
"ఉదయభానుడు తూర్పు కొండలపై బంగారు కిరణములు..."
కొట్టీసినాను.
ఆ బానుడెవడో నాకు తెల్దు.
నాను కార్కానాకెల్లీటప్పటికి ఇంకా సీకటే.
నాకు తెలిసిన ఎలుగు
బాయిలరు కింద మంటది.

రేషను మిసను నా ఏలు గుర్తుపట్టదు.
పదకొండేళ్ళు జీడిపిక్కలు కొట్టినాక
ఏలి మీద గీతలు జీడి తినీసినాది.
బొటనేలెడతాను, ఎర్ర లైటు.
కొంగుకి తుడిసి ఎడతాను, ఎర్ర లైటు.
"నువ్వు నువ్వేనేటి?" అంటాడు డీలరు.
ఎనకాల లైన్లో అందరూ నవ్వుతారు.
నానూ నవ్వుతాను.
మొన్న అలాగే నవ్వి, బియ్యం తెచ్చి,
సంచి దించకుండానే ఈ పుస్తకం ఎతికినాను.
ఎందుకో సెప్పమంటే సెప్పలేను.

దాలమ్మప్ప గుర్తొచ్చినాది.
నా మొదటి రోజు, పిడి నొక్కినప్పుడల్లా
పిక్క నుగ్గయిపోనాది.
గుండుపప్పు ఒక్కటి రాలేదు. బద్దలు కూడా కావు, నూక.
సూపర్వైజరొచ్చి జల్లెడ ఊపి సూసి
ఏటనకుండా ఎల్లిపోనాడు.
తిట్టుంటే బాగుండీది.
దాలమ్మప్ప నా సేతులు లాక్కుని
బూడిద పులిమినాది.
"మొదటి బస్తా కూలికి కాదే గుంటా,
సేతులకి.
అవి తినాల్సింది తినీసినాక
మిగిలింది కడుపుకి."
అనీసి, తన పళ్ళెంలోంచి నాలుగు గుండ్లు తీసి
నా నూక మీద పరిసినాది,
పైకి బాగా కనపడాలని.

తిత్లీ వొచ్చిన ఏడు పోనాది దాలమ్మప్ప.
తుపానుకి కాదు.
తుపాను ఎల్లిపోయినాక, పడిపోయిన తోటల్లో కట్టెలేరి
తడిసి, మామూలు జొరానికి.
అందికే ఏ లిస్టులోనూ పేరెక్కలేదు.

మళ్ళీ పెన్ను తీసినాను.
బానుడి కింద ఒక గీతొదిలీసి రాసినాను:
"దాలమ్మప్ప కుడికాలికి రెండు మెట్టెలు, ఎడంకాలికి ఒక్కటే."
ఆ తరవాతేటో తెల్లేదు.
సాలా సేపు ఆ కాలే సూస్తా కూకున్నాను.
"రెండోది పిక్కల కుప్పలో పడిపోనాది.
బస్తా బస్తా తిరగబోసి ఎతికినాం. దొరకలేదు.
ఎవులో కొనుక్కుని ఎల్లిపోయుంటారు."

'ళ' రాయాల్సిన కాడ 'ల' రాసీసినాను.
ఉండనీ.
నూకకి కూడా గిరాకీ ఉంది పలాసలో,
మిఠాయి కొట్లోళ్ళు బేగి పట్టుకుపోతారు.

పేజీ తిప్పుదారని సూస్తే
అంచున నా బొటనేలు నల్లగా దిగిపోయుంది.
ఒక్క గీతా లేని ముద్ర.
మిసనైతే ఒప్పుకోదు.
కాయితం ఏటీ అడగలేదు.

ఇంకో గూడ్సు వొస్తంది.
గోడలు మొదలెట్టీసినాయి.
ఈపాలి ఆగలేదు నాను,
అచ్చరాలు కొంచెం వంకర పోతన్నాయి, అంతే.