మూత లోపలి వైపు

లా షో దె ఫోన్‌లో ఇళ్లు వరస కట్టి నిలబడింది
అందానికి కాదు, వెలుతురు కోసం.
మా బల్లలన్నీ కిటికీలకే అతుక్కుని ఉంటాయి.
నవంబరు దాటితే మంచు సగం అద్దం దాకా ఎక్కి
ఏం చేస్తున్నానో తొంగి చూస్తుంది.

బ్లేజ్ కాలామ్ గారు బూట్లు దులుపుకుని లోపలికొచ్చి
మెత్తటి తోలు సంచిలోంచి దాన్ని తీశారు.
జెనీవా వేలంలో కొన్నారట. ధర చెప్పలేదు.
చెప్పకుండానే వినపడేలా చేయడం ఆయనకు వచ్చు.
"మెరుగు పెట్టొద్దు. గీతలు గీతల్లాగే ఉండాలి.
లోపల పరాయి ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు."
ఇలాంటివి ఇంకో ముప్పై ఎనిమిది ఉన్నాయి ఆయన దగ్గర,
ఇనప్పెట్టెలో, చీకట్లో,
నూనె జిగురై, జిగురు గచ్చై,
ఒక్కోటి ఒక్కో వేళ దగ్గర ఆగిపోయి.
"పెట్టుకోరా?" అన్నాను.
చెయ్యి వెనక్కి తీసుకున్నారు,
నేనేదో అప్పు అడిగినట్టు.

ఆయన వెళ్లాక మూత విప్పాను.
చాలామందికి తెలీదు,
వాచీ మూత లోపలి వైపు మా పనివాళ్ల హాజరుపట్టీ.
విప్పిన ప్రతివాడూ సూదిమొనతో
తేదీ, రెండు పొడి అక్షరాలు గీసి పోతాడు.
యజమాని చూడడు.
చూడాల్సింది ఆ తర్వాత విప్పేవాడు.
61 మే. 66 సెప్టెంబరు. 72, ఎవరో, చదవలేను.
తర్వాత 78 మార్చి. ఎన్.వి.

న్యూమా వెర్మో.
నాకు పదహారేళ్లప్పుడు పట్టకారు పట్టడం నేర్పినవాడు.
"తుమ్మొస్తే వీధిలోకి పో ఒదీల్,
నీ నెల జీతం ఆ బల్ల మీద విడివిడిగా ఉంది" అనేవాడు.
బ్యాటరీ వాచీలొచ్చి ఫ్యాక్టరీ గేట్లు మూసిన ఏడాది
మునిసిపాలిటీలో మంచు తోసే బండి తోలాడు.
తెల్లవారుజామున నాలుగింటికి వీధులు.
పదింటికి అవే చేతుల్ని కాఫీ కప్పుకి చుట్టి
వణుకు తగ్గేదాకా కూచుని,
అప్పుడు భూతద్దం కంటికి బిగించేవాడు.

ఆ అక్షరాల పక్కన చిన్న ఇంటూ మార్కు.
అది మా ఇద్దరి మధ్య మాట:
ఇందులో ఒకటి నా చేతిది, కోప్పడకు.

పదిహేడు కెంపులూ కడిగాను.
చక్రాలు ఒక్కోటే ఎత్తి చూశాను.
మూడో రోజు దొరికింది. ఒక స్క్రూ,
ఆవగింజలో అరవయ్యో వంతు.
తల కాస్త ఎత్తు, గాడి వెంట్రుకవాసి పక్కకి.
విడిభాగాలు రావడం ఆగిపోయిన రోజుల్లో
తనే తరిగి, నీలం తిరిగేదాకా కాల్చి బిగించింది.

నా సొరుగులో అసలుది ఉంది,
కంపెనీ ముద్రతో, కాగితం పొట్లంలో.
రెండూ తెల్ల గుడ్డ మీద పెట్టుకుని
మధ్యాహ్నం దాకా ఊరికే కూచున్నాను.
నిజం చెప్పాలంటే కంపెనీదే బావుంది.

న్యూమాదే బిగించాను.

ముఖం పైకి, ముఖం కిందికి, మరలు ఎడమకి,
ఐదు భంగిమలకీ పరీక్ష యంత్రం తలూపింది.
ఆరోది మణికట్టు. దానికి యంత్రం లేదు.
బిల్లులో రాయలేదు గానీ
ఆదివారమంతా పెట్టుకు తిరిగాను.
మెట్ల ముందు మంచు ఎత్తాను. రొట్టె కోశాను.
కిందింటి పిల్లి మీద చెయ్యేస్తే
ముల్లు కదిలే చప్పుడుకి చెవి తిప్పింది.
కట్టెల గది గడియకి తగిలి ఒక గీత పడింది, కొత్తది.
గీతలు గీతల్లాగే ఉండాలన్నారు కదా,
దాన్నీ అలాగే ఉంచాను.

గురువారం ఆయనొచ్చారు. స్క్రూ సంగతి చెప్పాను.
పొట్లం ముందుకు తోసి,
"కావాలంటే ఎవరిచేతైనా మార్పించుకోండి" అన్నాను.
పొట్లం జేబులో వేసుకున్నారు, విప్పలేదు.
"రోజుకెంత తేడా?"
"నాలుగు సెకన్లు, ముందుకి."
"పెట్టెలోనా, చేతి మీదా?"
"చేతి మీద."

అద్దాలు నుదుటి మీదికి నెట్టి
వాచీని వెలుతురుకి అటూ ఇటూ తిప్పారు.
"ఎవరి చేతి మీద?" అన్నారు.

బిల్లు అందించాను.