వాక్యం మొదట్లో

లీడ్స్‌లో రాత్రి పదకొండు. బిజినెస్ పేజీ.
వెర్డీన్ కంపెనీ తన పేరుని
చిన్న 'వీ'తోనే రాయమంటుంది.
అణకువట.
ఈవేళే నూట నలభై మందిని తీసేసింది.

నడుమ వస్తే పోనీ,
మొదట్లో మాత్రం పెద్దక్షరమే, అంటుంది మా నియమాల పుస్తకం.
కంపెనీ ఫోన్ మీద ఫోన్.
ఎర్ర పెన్సిల్ చెవిన దోపుకుని
ఫిలిప్పా నా వంక చూస్తుంది.

పెద్దా చిన్నా లేని అక్షరాలు దిద్దినదాన్ని,
నన్నడిగితే?
మా 'క' తలకట్టు
కలెక్టరులోనూ అంతే,
కసువులోనూ అంతే.

వాక్యాన్నే తిరగేశాను.
వెర్డీన్ నడుమకి జరిగింది,
కోరుకున్నట్టే, చిన్నగా.

మొదటి పెద్దక్షరం
ఆగ్నెస్‌ది.
పదిహేడేళ్లు ఆ గోడౌను ఊడ్చింది.

"పంపెయ్," అంది ఫిలిప్పా,
కోటు వెతుక్కుంటూ.