మూడో ఫొటో

రోజుకి రెండు ఫొటోలు ఆఫీసువి.
పొద్దున్న ఒకటి, నాలుగ్గంటలు పోయాక ఇంకొకటి.
తలలన్నీ పడాలి, కొంగు మొహమ్మీదికి రాకూడదు,
వెనకాల పెదబంద గట్టు కనిపించాలి.
ముప్పై ఎనిమిది మంది
ఎండకి కళ్లు చికిలించుకుని
నా ఫోన్ వైపు కాదు, కూలి డబ్బుల వైపు చూస్తారు.
నేను మేటుని. నొక్కుతాను.
ఆ బొమ్మ నాదని ఎప్పుడూ అనుకోలేదు.

సిగ్నల్ కావాలంటే గట్టెక్కాల్సిందే.
తెరమీద తెల్లసున్నా తిరుగుతుంటుంది, గానుగెద్దులా.
వైశాఖంలో ఒకరోజు తిరుగుతూనే ఉంది.
కింద తవిటమ్మ మట్టితట్ట దించి
నెత్తిమీది కుదురు తీసి నేలమీద పెట్టి
నీళ్లకి వెళ్లింది.
పాతచీర పేలిక, మెలిపెట్టి చుట్టింది.
మధ్యలో గుంట.
తవిటమ్మ తల అక్కడ లేదు, తల మోసిన బరువుంది.
పిట్ట వదిలేసిన గూడులా ఉందనబోయి
ఊరుకున్నాను. గూడు కాదది, కుదురే.
వంగాను. ఇంకా వంగాను.
బీటలువారిన మట్టి, కుదురు, పక్కన దాని నీడ.
నొక్కింది బొటనవేలే గాని
అంతకుముందే లోపలెవరో ఊపిరి బిగబట్టారు.

ఆ రాత్రి దుప్పట్లో దూరి చూసుకున్నాను,
పదో తరగతి గుంట ఉత్తరం దాచుకుని చదువుకున్నట్టు.
అప్పలసూరి అటు తిరిగే, "ఎవులే మెసేజీ?" అన్నాడు.
"కుదురు" అన్నాను.
నిద్రలో నవ్వాడు.

ఫొటో అంటే దిగేదే అనుకున్నాను ఇన్నాళ్లూ.
పెళ్లిలో దిగాను, ఆధార్‌కి దిగాను,
రేషన్ కార్డుకి అత్త వెనకాల సగం మొహంతో దిగాను.
తీయడం అనే మాట కూడా ఉందని
చేతికి తెలిశాకే నాకు తెలిసింది.

ఇక దొంగబుద్ధి పట్టుకుంది.
అసిరినాయుడి పారకర్ర మీద
చేతులు పట్టి పట్టి నునుపు తేలిన చోటు.
అంబలి గిన్నెలో వణికే కరెంటు తీగ.
దమయంతి వదిన మడమ.
మిట్టమధ్యాహ్నపు ఎండ దేన్నీ దాచదు,
అందుకే ఏదీ చూపించదు.
ఎవరూ చెప్పలేదిది,
నాలుగొందల ఫొటోలు చెరుపుకున్నాక తెలిసింది.
ఇంకొకటి కూడా:
ఆఫీసు ఫొటోలో ఎవరూ తప్పిపోకూడదు.
నా దాంట్లో ఏం తప్పించాలో వెతుక్కోవాలి.
గట్టు తీసేశాను. ఆకాశం తీసేశాను.
ఒక్కోసారి మనిషిని తీసేస్తేనే మనిషి వచ్చింది.

ఫోన్ నిండిపోయిందని మొత్తుకుంటే
మరదలి పెళ్లి వీడియో చెరిపేశాను.
ఈ మాట ఇంట్లో ఇంకా తెలీదు.

తవిటమ్మకి ఒకనాడు చూపించాను, వెనకనుంచి తీసింది.
తట్ట ఎత్తుకుంటున్న నడుము, రవికె మీద ఉప్పుగీతలు.
"నా మొకమేదే?" అంది.
తర్వాత మాట్లాడలేదు. ఫోన్ వెనక్కివ్వలేదు.
"మాయమ్మ ఒకపాలి కూడా పొటో దిగనేదు.
ఇది మాయమ్మ నడుమే. నీకెలగ దొరికింది?"
ఎలా దొరికిందో నాకూ తెలీదు.
అవతల గునపాలు ఆగిపోయాయి,
ఎవరో "నీల్లు తెస్తారా, తేరా" అని అరుస్తున్నారు.

శనివారం ఆమదాలవలసలో బస్సు దిగి
రైలుగేటు పక్క స్టూడియోకి వెళ్లాను.
కుర్రాడు కంప్యూటర్లో కుదురుని పెద్దది చేసి, చిన్నది చేసి
"పాస్‌పోర్టు సైజా అక్కా?" అన్నాడు అలవాటు కొద్దీ.
సిగ్గుపడి మళ్లీ అడిగాడు,
"ఎవరిదీ ఫొటో?"
"నాది."
"మీరు లేరు కదా ఇందులో."

చిల్లరంతా కలిపి నలభై రూపాయలు
బల్లమీద లెక్కపెట్టాను.
"అంచులు కోసేయకు బాబూ.
ఆ నీడ చివరిదాకా రావాలి."