తల ముందు

మంత్రసానిని. కాన్పుల లెక్కలోనే చెప్తాను.

కొండకు నొప్పులు మొదలైన ఏడు
నేనింకా అమ్మ పాలు మానలేదు.
తల ముందొచ్చింది, మంచిదే.
నుదురు బయటపడేసరికి నాకు పెళ్లయింది.
గడ్డం దిగేసరికి
మిన్ నదిలో మరో రెండు నదులు కలిసే చోట
మా ఆయన పడవ తిరగబడింది.

ఆ సుడి కోసమే కదా ఈ బుద్ధుణ్ణి చెక్కడం!
సగం కళ్లు మూసుకుని
చూస్తూ ఊరుకున్నాడు.

పురుళ్లు లేని రోజుల్లో
వీపున వెదురుబుట్ట కట్టుకున్నాను.
ఉలి రాల్చిన ఎర్రరాయి,
వాననీళ్లు పోవడానికి చెవి వెనక తొలిచిన తూము తాలూకు పెళ్లలు,
భుజం చెక్కిన పొట్టు
అంతా తెచ్చి ఆ సుడి నోట్లోనే కొట్టాను.
భక్తితో కాదు. కసితో.
తిను, ఇంకా తిను అని.

డబ్బుల్లేక ఛాతీ దగ్గర పని ఆగిపోయింది.
పావురాలు కాపురం పెట్టాయి.

నిన్న మనవడు ఫూషెంగ్
ఉప్పు పడవతో ఆ మలుపు దాటొచ్చాడు.
తెడ్డు తడబడలేదట,
అడుగున రాళ్లు పేరుకుని నీళ్లు నెమ్మదించాయట.
రేవులో అందరూ పైకి చూసి దండం పెట్టారు.
నేను నా అరచేతులు చూసుకున్నాను.

పాదాలింకా కొండ కడుపులోనే ఉన్నాయి.
ఎవరో ఒకరు పట్టుకుంటారులే.
బొడ్డు కొయ్యడానికి
నేనైతే ఉండను.